సముద్రపుటొడ్డు బంగళా

గోదావరి డెల్టాలో పుట్టి పెరిగినవారికి లాకుల బంగళా తెలియనిది కాదు. కాలువ గట్టు వెంట, లాకు తలుపుల నుండి దూకే నీటి హోరు వినబడేంత దూరంలో, పెద్ద చెట్ల నీడన, ఎత్తైన అరుగు మీద, చుట్టూ వరండాతో తెల్లగా సున్నం కొట్టిన ఇల్లొకటి నిలబడి ఉంటుంది. దానిలో ఎవరూ కాపురం ఉండరు. ఎప్పుడో ఒక ఇంజనీరుగారు వస్తారు. రెండు రోజులుండి, కాలువలు చూచుకొని వెళ్ళిపోతారు. తణుకు చుట్టుపట్ల పల్లెల్లో మా చిన్నతనాన పిల్లలము ఆ ఇంటిని దూరం నుండి చూచి, అది దొరల ఇల్లు, మనం పోరాదు అనుకొని తప్పుకొని నడిచేవారము. ఆ ఇంటి గోడలలోని సున్నంలో మన కరక్కాయ, మన బెల్లం కలిసి ఉన్నవని అప్పుడు మాకెవరూ చెప్పలేదు.

ఈ లాకుల బంగళాకు ఒక పెద్దక్క ఉన్నది. ఆమె నివాసం సముద్రపు ఒడ్డున. విక్టోరియా రాణి పాలించిన కాలంలో, అనగా 1837కు 1901కి నడుమ, వాల్తేరు మిట్టల మీద, భీమునిపట్నంలో, కాకినాడలో ఆంగ్లేయులు సముద్రానికి ఎదురుగానో, సముద్రపు గాలి అందేంత దాపునో విశాలమైన ఇళ్ళు కట్టుకొన్నారు. వాటిలో కొన్ని నేటికీ నిలిచి ఉన్నవి; పెక్కు నేలమట్టమైనవి. ఈ ఇళ్ళను గురించి ఒక ప్రశ్న చాలాకాలంగా నా మనస్సులో ఉన్నది. ఆ ఇల్లు ఎవరిది? డబ్బు పెట్టినది దొర, అందులో పడుకొన్నది దొర. కాని దాని ఊహ ఎవరిది? దానిని లేపిన చేతులెవరివి? ఈ ప్రశ్నకు సమాధానం వెదుకుతూ పోతే కథ మన నరసాపురం తీరం నుండి బయలుదేరి, ఇంగ్లండు తీరం దాకా వెళ్ళి, తిరిగి తణుకు వీధులకే వచ్చి చేరుతుంది.

మొదట పేరు సంగతి చూడాలి. బంగళా అనేది ఇంగ్లీషు మాట కాదు. అది బంగాళదేశపు పూరింటి పేరు. నాలుగు వైపులా వాలు కప్పు, చుట్టూ చూరు కింద వసారా గల ఒంటి అంతస్తు ఇంటిని బంగ్లా అనేవారు. 17వ శతాబ్దంలో హుగ్లీ నది ఒడ్డున కంపెనీ ఉద్యోగులకు తాత్కాలికంగా ఇటువంటి ఇళ్ళు వేయించినట్లు కంపెనీ అధికారి స్ట్రేన్‌షామ్ మాస్టర్ దినచర్యలో ఉన్నది. ఆ మాస్టరే 1679లో చెన్నపట్నం నుండి మన కృష్ణా గోదావరి తీరాలకు వచ్చి, మచిలీపట్నంలోను, నరసాపురం పక్కనున్న మాధవాయపాలెంలోను కంపెనీ వర్తకస్థానాలను తనిఖీ చేసినాడు. మాధవాయపాలెం పేరు మీదనే మదపొల్లం అనే నూలుబట్ట ఐరోపా అంతటా అమ్ముడుపోయినది. అంతకు ముందే, 1634లో, వీరవాసరంలో ఆంగ్లేయులు ఒక వర్తకస్థానం పెట్టినారు. కనుక తెల్లవారు ఈ దేశపు ఇంటిని పరీక్షగా చూచి నేర్చుకొనడం మన పొరుగు ఊళ్ళకు కొత్త సంగతి కాదు.

వరండా అనే మాట పోర్చుగీసువారి నోట ఐరోపాకు చేరినది. కట్టుబడి పనివారి పెద్దను మనం పిలిచే మేస్త్రీ అనే మాట పోర్చుగీసు నుండి మనకు వచ్చినదే. గోడలోని అలమార కూడా అటువంటిదే. ఇంటి పేరు బంగాళీది, పనివాని పేరు పోర్చుగీసుది, డబ్బు ఇంగ్లండుది, మట్టి మనది. తీరప్రాంతపు బంగళాలో మొదటి నుండి ఇన్ని దేశాలు కాపురం చేసినవి.

తెల్లవారు కాపురానికి వాల్తేరునే ఎందుకు కోరినారు? దీనికి ఆరోగ్యం ఒక కారణం, భయం మరొక కారణం. పల్లపు తీరంలో ఇల్లు కట్టుకొన్నవారి గతి ఏమైనదో ఆ శతాబ్దం రెండుసార్లు చూపినది. 1839 నవంబరులో వచ్చిన తుపాను ఉప్పెన కోరంగి రేవును ముంచివేసినది. ఒకప్పుడు ఓడలు కట్టిన ఆ పట్నం మళ్ళీ లేవలేదు. 1864 నవంబరు 1వ తేదీ రాత్రి సముద్రం మచిలీపట్నం మీదికి వచ్చినది. ఆ ఉప్పెనలో సుమారు 30,000 మంది చనిపోయినారు. మచిలీపట్నపు వర్తక వైభవం కూడా ఆ రాత్రితోనే కుంగినది. డెల్టా తీరంలో నేల సముద్రంతో దాదాపు సమానంగా ఉంటుంది. వాల్తేరులో అట్లా కాదు. అక్కడ తూర్పు కనుమల పాయలు సముద్రం దాకా వచ్చి ఆగుతవి. ఎర్రమట్టి మిట్టలు సముద్రమట్టానికి 200 అడుగుల పైచిలుకు ఎత్తుకు లేస్తవి. అక్కడ ఇల్లు కట్టుకొంటే గాలి అందుతుంది, ఉప్పెన అందదు.

గోదావరి ఆనకట్ట కట్టించిన ఆర్థర్ కాటన్ కూడా 1844లో మన నదిని పరిశీలించే పనికి పూనుకొనేముందు విశాఖపట్నంలో పనిచేసినవాడే. అక్కడ ఒడ్డును కోస్తున్న సముద్రాన్ని అడ్డుకొనేందుకు కరకట్టల వంటి రాతి అడ్డుగట్లు వేయించినాడు. 1847లో మొదలై 1852లో ఆనకట్ట ముగిసినది; కాలువలు సాగినవి; కాలువల వెంట లాకులు, లాకుల పక్కన బంగళాలు వచ్చినవి. సముద్రపు ఒడ్డున అలవాటైన ఇల్లే చిన్న కొలతలలో కాలువ ఒడ్డుకు దిగినది. పెద్దక్క, చెల్లెలు అని నేనన్నది ఇందుకే.

రైలు వచ్చిన తరువాత వాల్తేరుకు మరింత పేరు వచ్చినది. బెజవాడ నుండి వాల్తేరు మీదుగా కటకం దాకా తూర్పు తీరపు రైలుదారి 1893కు 1896కు నడుమ తెరుచుకొన్నది. రాజమహేంద్రవరం వద్ద గోదావరి మీద హేవలాక్ వంతెన 1900లో పూర్తి అయినది. అంతవరకు మన పశ్చిమ డెల్టావారు పడవలో నది దాటి అవతలి ఒడ్డున రైలెక్కవలసి వచ్చేది. తణుకువారికి వాల్తేరు చుట్టరికం కలిపే సంగతి మరొకటి ఉన్నది. మన ఊరి పక్కన పారేది గోస్తనీ. భీమునిపట్నం వద్ద సముద్రంలో కలిసే ఏరు కూడా గోస్తనీయే. పేరొక్కటే, నీరు వేరు. ఆ రెండవ గోస్తనీ ముఖద్వారాన 1825 వరకు డచ్చివారి వర్తకస్థానం ఉండేది. ఆ సంవత్సరమే అది ఆంగ్లేయుల వశమైనది.

ఇక ఆ ఇంటిలోనికి అడుగు పెడదాం. ఒక ఇంటిని కాక, ఆ కాలపు సముద్రపుటొడ్డు బంగళాలన్నిటికీ పొందిన లక్షణాలను చెబుతాను.

గేటు దాటగానే ఇల్లు కనబడదు, తోట కనబడుతుంది. తోట చుట్టూ ప్రహరీ. ఇల్లు వీధికి అంటుకొని ఉండదు. స్థలం నడుమ ఒంటరిగా ఉంటుంది. మన వీధి ఇళ్ళ గోడలు ఒకదానినొకటి ఆనుకొని నిలబడితే, ఈ ఇల్లు నలుదిక్కులా గాలికి తన ఒళ్ళు అప్పగిస్తుంది. ముందు గుర్రపుబండి ఆగేందుకు స్తంభాల మీద కప్పు వేసిన పోర్టికో. అక్కడ నుండి నాలుగైదు మెట్లు. అరుగు ఎత్తు కేవలం గొప్పకోసం పెట్టినది కాదు. నేల చెమ్మ గోడకెక్కకుండా, వాన నీరు లోనికి రాకుండా, పాములూ తేళ్ళూ గడప దాటకుండా చేసిన ఏర్పాటు.

మెట్లెక్కితే వరండా. 10 అడుగులో 12 అడుగులో వెడల్పు ఉంటుంది. ఎండ గోడను తాకకుండా చేయడమే దాని మొదటి పని. గోడ కాగకపోతే గది కాగదు. వానాకాలంలో కిటికీ తెరచి ఉంచినా జల్లు లోనికి రాకుండా చేయడం రెండవ పని. మూడవ పని మానవ సంబంధమైనది: అర్జీదారుడు, కూలివాడు, వర్తకుడు, గుమాస్తా లోనికి రానక్కరలేకుండా దొరతో మాటలాడి వెళ్ళేందుకు అది చోటు. ఇల్లు ఎంత తెరచి ఉన్నట్లు కనబడినా, ఎవరు ఎంతవరకు రావచ్చునో వరండా చెప్పకయే చెబుతుంది.

వరండా దాటితే పెద్ద హాలు. అది ముందు నుండి వెనుక దాకా సూటిగా సాగుతుంది. దానికి రెండు వైపులా పడకగదులు. తలుపులకెదురుగా తలుపులు, కిటికీలకెదురుగా కిటికీలు ఉంటవి. పగలు నేల కాగిన కొద్దీ దానిపైని గాలి తేలికై పైకి లేస్తుంది. ఆ ఖాళీలోనికి సముద్రం మీది చల్లని గాలి వస్తుంది. మధ్యాహ్నం దాటే వేళకు వీచే ఆ గాలిని ముందు తలుపు పట్టుకొని వెనుక తలుపుకు అందిస్తుంది. మన తూర్పు తీరంలో సముద్రం తూర్పున, వేసవి వడగాలి పడమట. కనుక తూర్పు వైపు నిండా తెరచి, పడమటి వైపు స్నానపు గదులు, సామాను కొట్లు పెట్టి ఎండకు అడ్డుగా చేసుకొనేవారు. పడమటి తలుపులకు వట్టివేళ్ళ తడికెలు కట్టి నీళ్ళు చల్లేవారు. వడగాలి ఆ తడికెను దాటి వచ్చేసరికి చల్లబడి, సువాసన పట్టుకొని వచ్చేది.

గదుల ఎత్తు చూస్తే మనకు ఆశ్చర్యం కలుగుతుంది. 15 అడుగులు, 18 అడుగులు సామాన్యం. వేడిగాలి పైకి పోతుంది కాబట్టి మనిషి కూర్చున్న చోట చల్లగా ఉంటుంది. పైకి పోయిన వేడిగాలి అక్కడే నిలిచిపోకుండా కప్పు దగ్గర చిన్న కిటికీలు పెట్టి, తాడుతో మూసి తెరిచేవారు. కింది కిటికీలకు అద్దాలకంటె ముఖ్యమైనవి వాలుపలకల రెక్కలు. వాటిని కొద్దిగా వాల్చితే గాలి వస్తుంది, ఎండ రాదు. లోనివారికి బయట కనబడుతుంది, బయటివారికి లోన కనబడదు.

ఇంత చెప్పిన తరువాత ఈ ఇల్లు ఇంగ్లండు ఇల్లని ఎవరంటారు? ఇంగ్లండులో ఇల్లు వెచ్చదనాన్ని లోపల బంధించేందుకు కట్టుకొనేది. గదులు చిన్నవి, కప్పులు తక్కువ, ప్రతి గదికీ పొయ్యి. ఇక్కడ కట్టినది దానికి పూర్తిగా విరుద్ధం. పైపైన రోమనుల స్తంభాలు, కమానులు తగిలించినారు గాని, ఎముకలన్నీ ఈ దేశపు వాతావరణం చెప్పినట్లు పెట్టినవే.

ఎముకల మాట వచ్చినది కనుక కట్టుబడి చెప్పాలి. ఈ ఇళ్ళకు పట్టా పుచ్చుకొన్న శిల్పులు తక్కువ. సైన్యపు ఇంజనీర్లు, మరామత్తు శాఖ అధికారులు కాగితం మీద గీతలు గీసేవారు. మిగిలినదంతా మేస్త్రీల చేతిలో పని. ఆ గీతలు గీసినవారి పేర్లు దస్తరాలలో ఉన్నవి. ఇటుక పేర్చినవారి పేర్లు ఎక్కడా లేవు.

గోడకు ఇటుక, సున్నం. సముద్రపు ఒడ్డున సున్నపురాయి దొరకకపోయినా గుల్లలకు కొదవలేదు. ఆల్చిప్పలు, గవ్వలు పోగుచేసి బట్టీలో కాల్చితే తెల్లని గుల్లసున్నం వస్తుంది. దానిని ఇసుకతో కలిపి, ఎద్దులు తిప్పే గానుగలో నూరితే అడుసు వెన్నవలె అవుతుంది. కరక్కాయలు నానబెట్టిన నీళ్ళు, బెల్లపు నీళ్ళు దానిలో కలిపేవారు. పైపూతకు మరింత మెత్తని సున్నం. చెన్నపట్నం పనివారు గుడ్డులోని తెల్లసొన, పెరుగు వంటివి కూడా కలిపి, నున్నని రాతితో రోజుల తరబడి రుద్ది, చలువరాతి మెరుపు తెప్పించేవారు. 18వ శతాబ్దపు యాత్రికులు చెన్నపట్నం చూచి, ఇళ్ళన్నీ పాలరాతివని భ్రమపడినది ఈ పూత వల్లనే.

కప్పు ఇంకా గొప్ప పని. దానిని మద్రాసు టెర్రేసు అన్నారు. మనవారు డాబా అన్నారు. గోడల మీద టేకు దూలాలు, వాటి మీద దగ్గర దగ్గరగా దంతెలు. ఆ దంతెల మీద చిన్న ఇటుకలను అంచు మీద నిలబెట్టి, సున్నంతో అతికి, ఏటవాలు వరుసలలో పేర్చుకొంటూ పోతారు. కింద ఆధారం లేకుండానే ఒక వరుస మరొక వరుసను పట్టుకొని నిలుస్తుంది. దాని పైన ఇటుక ముక్కలు కలిపిన సున్నపు మందపాటి పొర. ఆ పొరను ఆడవారు వరుసగా కూర్చొని చెక్క దిమ్మిసలతో కొట్టేవారు. ఒక పూట కాదు, రోజుల తరబడి. కొట్టే చేయి ఒక్క లయన పడేందుకు పాట పాడేవారు. బెల్లపు నీళ్ళు చల్లుతూ కొట్టిన కొద్దీ పొర గట్టిపడి, దిమ్మిస తగిలితే రాయి మోగినట్లు మోగేది. అప్పుడు పలచని పెంకు పలకలు పరచి, మీద నున్నగా గచ్చు చేసేవారు. ఎండలో కాగినా, వానలో తడిసినా ఆ కప్పు పగలకుండా తరాల పాటు నిలిచినది. ఆ ఇంట్లో సాయంత్రపు సంగీతం పియానోది కావచ్చు. ఆ ఇల్లు విన్న మొదటి సంగీతం మాత్రం దిమ్మిస పాటది.

ఈ ఇంటి సుఖాన్ని చెప్పి ఊరుకొంటే సగం చరిత్రే అవుతుంది. హాలు గోడలో కప్పుకు దగ్గరగా ఒక చిన్న రంధ్రం ఉండేది. దాని గుండా ఒక తాడు వరండాలోనికి పోయేది. తాడు లోపలి కొనకు బట్ట కుచ్చు వేలాడే పెద్ద పంకా. వెలుపలి కొనకు ఒక మనిషి. అతడు పగలంతా, కొన్ని ఇళ్ళలో రాత్రంతా, ఆ తాడు లాగుతూ కూర్చొనేవాడు. లోపల ఉన్నవారికి గాలి వచ్చేది. అతడు కనబడేవాడు కాడు. స్నానపు గదికి వెలుపలి నుండి ఒక చిన్న తలుపు ఉండేది. పాకీ పనివారు ఇంట్లోనికి రాకుండా ఆ తలుపునుండే వచ్చి పోవాలి. వంటిల్లు ఇంటికి దూరంగా. పొగ, వాసన, వంటవారి మాటలు దొరల చెవిన పడరాదు. వాటికి వెనుక నౌకర్ల గదుల వరుస. వాటికి ఎత్తైన కప్పు లేదు, ఎదురెదురు కిటికీలు లేవు. గాలి శాస్త్రమంతా తెలిసినవారే కట్టినారు. ఆ శాస్త్రం ఎవరికి వర్తించాలో కూడా వారే నిర్ణయించినారు. గాలికి తెరచిన ఇల్లు మనుష్యులకు మూసి ఉండడం ఈ కట్టుబడిలోని రహస్యం. కులాన్ని బట్టి గడపలు, దొడ్డిదారులు ఏర్పరచుకొన్న మన పెద్ద ఇళ్ళు కూడా ఈ విషయంలో దొరలను తప్పుపట్టగల స్థితిలో లేవన్నది ఒప్పుకోవలసిన మాట.

ఇప్పుడు కథ సముద్రం దాటుతుంది. ఇంగ్లండులో సముద్రస్నానం ఆరోగ్యమనే నమ్మకం 18వ శతాబ్దంలో పెరిగినది. బ్రైటన్ వంటి ఊళ్ళలో ధనికులు తీరాన వరుస ఇళ్ళు కట్టుకొన్నారు. రాకుమారుని కోసం జాన్ నాష్ 1815కు 1822కు నడుమ అక్కడి విలాసమందిరానికి హిందూస్థానపు గుమ్మటాలు ఎక్కించినాడు. అది వేషం మాత్రమే. అసలైన మార్పు 1869, 1870 సంవత్సరాలలో వచ్చినది. కెంటు మండలంలో వెస్ట్‌గేట్ అనే చోట, ఆ వెంటనే దాని పక్కనున్న బర్చింగ్‌టన్‌లో, జాన్ టేలర్ అనే శిల్పి సముద్రానికి ఎదురుగా ఒంటి అంతస్తు ఇళ్ళు, వరండాలతో, విడివిడి తోటలతో కట్టినాడు. వాటికి పెట్టిన పేరు బంగళా. మొదటి ఇళ్ళలో ఒకదానిని కొన్నవాడు ఎరాస్మస్ విల్సన్ అనే వైద్యుడు; తరువాత ఈజిప్టు నుండి క్లియోపాత్రా స్తంభాన్ని లండనుకు తెచ్చేందుకు డబ్బిచ్చినవాడు ఆయనే. కవీ చిత్రకారుడూ అయిన దాంతే గాబ్రియేల్ రోసెట్టి 1882 ఏప్రిల్ 9న కన్ను మూసినది బర్చింగ్‌టన్‌లోని బంగళాలోనే.

శ్రోతలు ఈ విచిత్రాన్ని గమనించాలి. మన తీరంలోని దొరల ఇల్లును చూచి ఇది ఇంగ్లండు నుండి వచ్చినదని మనం అనుకొన్నాం. అదే కాలంలో ఇంగ్లండు సముద్రపు ఒడ్డున బంగళా చూచినవారు ఇది హిందూదేశం నుండి వచ్చినదని అనుకొన్నారు. వారి మాటే నిజం.

ఇక ఆ ఇల్లు మన చేతికి తిరిగి వచ్చిన వైనం. విశాఖపట్నపు ధనికులు దొరలతో సమంగానే ఈ పద్ధతిని అందుకొన్నారు. గోడే వెంకట జగ్గారావుగారు చెన్నపట్నంలో ఖగోళశాస్త్రం నేర్చి వచ్చి, 1840లో విశాఖలో తమ సొంత వేధశాల నెలకొల్పినారు. అది వెలసిన చోటు డాబా గార్డెన్స్. ఊరి పేరులోనే డాబా నిలిచిపోయినది. ఆయన తరువాత అంకితం వెంకట నరసింగరావుగారు ఆ పరిశీలనలు కొనసాగించినారు. దొరలు గాలి కోసం కట్టుకొన్న మిట్టల ఊరిలో మనవారు నక్షత్రాల కోసం ఇల్లు కట్టినారన్నమాట. విక్టోరియా కాలం ముగిసిన తరువాత కూడా ఈ మోజు పోలేదు. జయపురం మహారాజు 1917లో మొదలుపెట్టి 1923లో ముగించిన హవామహలు విశాఖ తీరాన నేటికీ నిలిచి ఉన్నది.

డెల్టాలో మార్పు నెమ్మదిగా వచ్చినది. మన పూర్వపు ఇల్లు మండువా లోగిలి. నడుమ ఆకాశానికి తెరచిన మండువా. దాని చుట్టూ వసారాలు. వసారాల వెనుక గదులు. వాన ఇంటి నడిబొడ్డునే కురుస్తుంది. బంగళా వెలుపలికి చూస్తుంది. మండువా లోపలికి చూస్తుంది. బంగళాలో ప్రతి గదికీ వేరే ద్వారం, ఎవరి ఏకాంతం వారిది. మండువా ఇంట ఎవరు ఏ గది నుండి బయటికి వచ్చినా అందరి కంటా పడవలసినదే. కాలువ నీటితో పంటలు పండి, చేతిలో నాలుగు రూకలు ఆడిన తరువాత, తణుకు వంటి ఊళ్ళలో పెద్ద రైతులు ఒక రాజీ చేసుకొన్నారు. వెనుక మండువా అట్లాగే ఉంచి, వీధి వైపున స్తంభాల వరండా, దాని మీద డాబా వేయించినారు. వెనుక సగం తాతలది, ముందు సగం దొరలది.

పెంకు సంగతి మరీ విచిత్రం. ఒకదానిలో ఒకటి ఇమిడే చదును పెంకును 1841లో ఫ్రాన్సు దేశంలో గిలార్డోనీ సోదరులు కనిపెట్టినారు. 1865లో బాసెల్ మిషనువారు మంగళూరులో దాని కర్మాగారం పెట్టినారు. అది మన ఊళ్ళకు వచ్చేసరికి దాని పేరు బంగాళా పెంకు అయినది! ఫ్రెంచివారి ఊహ, జర్మను మిషనరీల కర్మాగారం, కన్నడ తీరపు మట్టి. పేరు మాత్రం బంగాళీది. ఊళ్ళో ఎవరైనా బంగాళా పెంకుటిల్లు అన్నప్పుడు రెండు శతాబ్దాల చరిత్ర ఒక్క మాటలో వినబడుతుంది.

ఈనాడు ఆ ఇళ్ళ పరిస్థితి ఏమిటి? వాల్తేరు మిట్టల మీదికి 1930లో ఆంధ్ర విశ్వకళాపరిషత్తు బెజవాడ నుండి తరలివచ్చినది. దొరల ఊరు విద్యార్థుల ఊరైనది. తీరపు బాటన డచ్చి బంగళా అని జనం పిలిచే పాత ఇంటిలో 1991 నుండి విశాఖ మ్యూజియం ఉన్నది. ఇటువంటివి కొద్ది. మిగిలినవాటి స్థలం విలువ ఇంటి విలువను మించిపోయినది. ఒక బంగళా పడితే అక్కడ పది అంతస్తులు లేస్తవి.

కొత్త ఇళ్ళను నేను నిందించడం లేదు. అందరికీ తలదాచుకొనే చోటు కావాలి. కాని సముద్రపు ఒడ్డున కట్టుబడికి పాత మేస్త్రీలకు తెలిసిన రహస్యమొకటి మనం మరచినాం. ఉప్పు గాలి సిమెంటు కాంక్రీటులోనికి దిగి లోపలి ఇనుప కమ్మీలను తుప్పు పట్టిస్తుంది. తుప్పు పట్టిన ఇనుము ఉబ్బి, కాంక్రీటును పెచ్చులుగా పగులగొడుతుంది. సున్నపు గోడలో ఇనుము లేదు. అది చెమ్మను పీల్చుకొని మళ్ళీ గాలికి వదలివేస్తుంది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖను తాకిన తరువాత, తీరాన ఎట్లా కట్టాలి అనే ప్రశ్న మళ్ళీ వచ్చినది. ఆ ప్రశ్నకు పాత బంగళా పూర్తి సమాధానం కాదు. పెంకుటి కప్పులు అంతటి గాలికి ఆగవు. అయినా ఎత్తు నేల, ఎత్తు అరుగు, లోతైన వరండా, ఎదురెదురు కిటికీలు అనే నాలుగు మాటలకు నేటికీ కాలదోషం పట్టలేదు.

తణుకులో మా తాతగారి ఇల్లు, ముందు డాబా, వెనుక మండువా గలది, పంపకాలలో పడగొట్టవలసి వచ్చినది. మండువా ఒక్క పూటలో పోయినది. డాబా కప్పు మాత్రం పలుగుకు లొంగలేదు. దెబ్బ పడినప్పుడల్లా మోగినది. నాలుగు రోజులు పట్టినది. పడగొట్టే మేస్త్రీ ఒక పెళ్ళను చేతిలోకి తీసుకొని, దీనిని కొట్టినవాళ్ళెవరోగాని కూలికి కొట్టలేదండీ అన్నాడు. ఆ ఇల్లు కట్టిన మేస్త్రీ పేరేమిటని నేను ఇంట్లో పెద్దలనడిగినాను. ఎంత ఖర్చయినదో వారికి తెలుసు. దూలాలు ఏ రేవు నుండి వచ్చినవో తెలుసు. మేస్త్రీ పేరు ఎవరికీ తెలియదు.

ఆ ఇల్లు ఎవరిది అని మొదట వేసుకొన్న ప్రశ్నకు నాకు దొరికిన సమాధానం ఆ పెళ్ళలోనే ఉన్నది. దస్తావేజు మీద పేరు ఎవరిదైనా, దానిని కట్టినవారిది అందులో తీరని వాటా. పంకా తాటి రంధ్రాన్ని పూడ్చివేసి, గోడకు రంగు వేసి, పాత వైభవమని చూపడం చరిత్ర కాదు. దొరల గుర్తని మొత్తంగా పడగొట్టడమూ చరిత్ర కాదు. నిలుపగలిగిన ఇంటిని రంధ్రంతో సహా నిలుపుకోవాలి. నిలుపలేని ఇంటిని పడగొట్టేముందు ఒక రోజు ఆగాలి. గదుల కొలతలు రాసుకోవాలి. తలుపులు, కప్పు ఫొటో తీయించాలి. కట్టిన సంవత్సరం, కట్టినవారి పేరు ఊళ్ళోని వృద్ధులనడిగి అదే కాగితం మీద రాసి ఉంచుకోవాలి. ఈ పనికి ప్రభుత్వం అక్కరలేదు, ధనం అక్కరలేదు. మీ ఇంట ఒక టేపు, ఒక నోటు పుస్తకం ఉంటే చాలు.

ఈసారి కాలువ గట్టున పోతూ లాకుల బంగళా కనబడితే, పిల్లలను వెంటబెట్టుకొని దగ్గరకు వెళ్ళండి. అరుగు మీద చేయి వేసి చూడనివ్వండి. ఇది దొరల ఇల్లు కాదురా, మనవాళ్ళు కట్టినది అని చెప్పండి.